తిరిగొచ్చిన అరవై రెండు కవర్లు

దేదీప్యకు ఖాళీ అంటే పడదు. విజయవాడ కాలేజీ హాస్టల్లో రెండేళ్ళు నూరిపోసిన అలవాటది: పరీక్షలో జవాబు తెలియకపోయినా ఏదో ఒక గడి నింపాల్సిందే. ఇక్కడ అమెరికాలో, అల్ఫారెట్టా ఊళ్ళో మా పక్కిల్లే. కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతుంది. అంత మంచి పిల్లను తిట్టడానికి నోరు రాదు. అయినా ఆ రోజు తిట్టాను.

గంట దూరంలోని ఓ కౌంటీలో మిస్ లోరెయిన్ అనే నల్లజాతి ఆవిడ కొడుకు టెరెన్స్‌కి దోపిడీ కేసులో ఇరవై ఏళ్ళ శిక్ష పడింది. అక్కడ పదిమందిలో నలుగురు నల్లజాతివాళ్ళే. తీర్పు చెప్పిన జ్యూరీలో, అంటే ఊళ్ళోంచి పిలిచి కూర్చోబెట్టిన పన్నెండుమందిలో, మాత్రం ఒక్కరూ లేరు. జ్యూరీ పిలుపులు వాళ్ళకు సరిగా చేరడం లేదని రుజువైతే కేసు మళ్ళీ విచారిస్తారు. టెరెన్స్ లాయరు పిలిచిన నిపుణురాలిగా ఆ రుజువు చూపించాల్సింది దేదీప్యే.

కోర్టుకి నేనే డ్రైవ్ చేశాను.

"జ్యూరీకి పిలిచేవాళ్ళ జాబితా మొత్తం చూడక్కర్లేదక్కా. పప్పుచారు బాగా తిప్పి ఒక్క గరిటె టేస్ట్ చేస్తే తెలిసిపోతుంది కదా! ర్యాండమ్‌గా నాలుగు వందల పేర్లు తీసి, లెటర్స్ పంపి, ఎవరు ఏ జాతో కనుక్కున్నా," అంది దేదీప్య దారిలో.

బోనులో ఉన్న దేదీప్యను ప్రాసిక్యూటర్ అడిగాడు: "అందరికీ ఉత్తరాలు అందాయా?"

"అరవై రెండు తిరిగొచ్చాయి. ఆ అడ్రసుల్లో వాళ్ళు లేరు."

"మరేం చేశారు?"

"జాబితాలో వాళ్ళ కిందున్న పేర్లు తీసుకున్నాను."

అంటూనే తప్పెక్కడ జరిగిందో తనకే తెలిసిపోయింది. తరచూ అద్దె ఇళ్ళు మారే నల్లజాతివాళ్ళకు పిలుపే చేరదని చెప్పే సాక్ష్యం ఆ కవర్లే. వాటిని పక్కన పడేసి, దొరికినవాళ్ళతో ఖాళీలు నింపింది. ఇక అది ర్యాండమ్ ఎలా అవుతుంది? జడ్జి రిపోర్టు పక్కన పెట్టాడు. మళ్ళీ విచారించమన్న పిటిషన్ కొట్టేశాడు.

"ఆ మాత్రం తెలీదుటే నీకు!" అని వరండాలో అరిచాను. అది ఏడవను కూడా లేదు.

మిస్ లోరెయిన్ వచ్చి దాని చెయ్యి పట్టుకుంది. మాటలో కోపమన్నదే లేదు.

"ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నానమ్మా. నాలుగు ఇళ్ళు మారాను. జ్యూరీకి రమ్మని నాకెప్పుడూ ఉత్తరం రాలేదు. నీకు తిరిగొచ్చిన వాటిలో నా పేరుందా?"

దేదీప్యకు గుర్తులేదు. నాలుగు వందలూ నిండగానే ఆ కవర్లన్నీ చెత్తలో వేసేసింది.