అయిదు కాళ్ల మేకతో సిరిసిల్ల దాక

జగిత్యాలలో నన్ను ఎరగనోళ్లు లేరు. అందుకే నా బొమ్మలు అమ్మడానికి సిరిసిల్ల పోవాలని నిశ్చయం చేసుకున్న. నవ్వితే తెలియనోళ్లు నవ్వుతరు, రేపు మళ్ల కనపడరు.

మాది స్టీలు సామాన్ల దుకాణం. పెండ్లికో పురుడుకో బిందె కొంటే, దానిమీద ఇచ్చేవాళ్ల పేరు మిషనుతో కొట్టి ఇచ్చుడు ఉచితం. ఇరవై ఏండ్ల సంది ఆ పని నాదే. ఎందరు మేనమామల పేర్లు కొట్టిన్నో లెక్క లేదు. మొన్న ఎండకాలం గిరాకీ లేని పూట సొట్టపడ్డ పళ్లెం మీద పేరుకు బదులు మేకను కొట్టిన. తర్వాత కోడి, బర్రె. "సొట్టవైతే పాయె గని, మంచి పళ్లేల జోలికి పోకు" అన్నడు మా ఆయన. మరునాడే నాలుగు మంచివి తీసి బొమ్మలు కొట్టిన. నాతో నేనే బేరం కుదుర్చుకున్న: సిరిసిల్లల ఒక్కటన్న అమ్ముడుపోతే బొమ్మలు గీస్త, పోకపోతే మిషను మళ్ల మేనమామలకే.

పొద్దున ఏడింటి బస్సెక్కి ముందుగాల కోరుట్ల పోయిన. సిరిసిల్లకు అది చుట్టు దారే. అయినా పుట్టింటి గడప తొక్కితే కొంచెం ధైర్యం వస్తదని ఆశ. ఆడవాళ్లకు బస్సు ఉచితం, పైసలు లేని జీరో టికెట్ ఇస్తరు. ఆధార్ కార్డు చూపిస్తే చాలు. బేరమాడే సందు లేని ప్రయాణం నాకు ఉప్పు లేని కూర లెక్క. పక్కామెతో కిటికీ సీటుకు బేరం పెట్టి, రెండు జామపండ్లకు సాధించిన.

కోరుట్లల నాయిన పెట్టిన గాజుల దుకాణం ఇప్పుడు అన్న చూసుకుంటడు. పళ్లెం చేతిలో పెట్టిన. బరువు చూసిండు, వెనక్కి తిప్పిండు, వేలితో టంగుమని కొట్టిండు.

"గేజు మంచిగుంది, చెల్లె. రేకు మందమే."

"బొమ్మ ఎట్లుంది, అన్నా?"

"ఏ బొమ్మ?"

చూపిస్తే చూసిండు. దుకాణదారు సలహానే ఇచ్చిండు: "నువ్వు గీసినవని చెప్పకు. హైదరాబాద్ ఆర్టిస్టు గీసిండని చెప్పు. రేటు లేస్తది." వదినె పెట్టిన ఉప్మా తిని, ధైర్యానికి బదులు ఆ అబద్ధం సంచిలేసుకొని తొమ్మిదిన్నరకు వేములవాడ బస్సెక్కిన.

కథలాపూర్, రుద్రంగి దాటినంక చందుర్తిల ఒక పెద్దామె ఎక్కి నా పక్కన కూసున్నది. పేరు లచ్చవ్వ అట. కూసున్న నిమిషంలనే నా సంచిల తొంగి చూసింది.

"గివేంది, చెల్లె?"

"బొమ్మల పళ్లేలక్కా. హైదరాబాద్ ఆర్టిస్టు గీసిండు."

ఒకటి తీసి వెలుతురుకు పట్టింది. "గా హైదరాబాదాయన మేకను ఎన్నడన్న సూసిండా?"

"ఎందుకక్కా?"

"అయిదు కాళ్లున్నయి గదనే!"

"అయిదోది తోక."

"మేక తోక నేలకు రాస్తదా?"

ముందు సీటు నవ్వింది, వెనక సీటు నవ్వింది. తిట్లన్ని ఆ లేని హైదరాబాదాయనకే పోయినయి గని, మండింది మాత్రం నా చెవులు. అయితే ఒకటి గమనించిన. నవ్వుకుంటనే వేములవాడ దాక ఆ పళ్లెం ఒళ్లెనే పెట్టుకున్నది, దిగేటప్పుడే తిరిగిచ్చింది.

అక్కడ బస్సు మారి, పన్నెండు కొట్టంగ సిరిసిల్లల దిగిన. మెస్సుల భోజనం ఎనభై అన్నరు. తగ్గించలే గని పెరుగు రెండోసారి వేయించుకున్న. బజారుల ఒక చాయ హోటలు అరుగు మీద గుడ్డ పరిచి పళ్లేలు పెట్టిన. కిరాయి వద్దన్నడు హోటలాయన, చాయ తాగితే చాలన్నడు. మూడో చాయకు గని తెలియలే, అది కిరాయి కంటే ఎక్కువని.

వచ్చినోళ్లందరూ అన్న లెక్కనే పళ్లెం కొట్టి చూసి, "కిలో ఎంత?" అని అడిగి పోయిండ్రు. మూడు గంటలయినా బోణి కాలే. సర్దుకుందామని గుడ్డ అంచు పట్టుకున్న.

"ఆగాగు!" పొద్దటి బస్సుల లచ్చవ్వ, సామాన్లు కొననీకి బజారుకొచ్చింది. "నా బిడ్డకు బిడ్డ పుట్టింది. రేపు ఇరవయ్యొకటో దినం, తొట్టెలేస్తున్నం. గా మేకనే ఇయ్యి. పొద్దటిసంది యాదికొచ్చినప్పుడల్ల నవ్వొస్తుంది."

నాలుగొందలన్న, మూడొందలన్నది, మూడొందల యాభైకి తెగింది. "అమ్మమ్మ లచ్చవ్వ అని కొట్టియ్యి" అన్నది. సంచిల తెచ్చుకున్న మిషనుకు హోటల్ల ప్లగ్గు పెట్టి ఆన్ చేసిన. ఆమె నా చేతినే చూస్తున్నది. ఒకసారి మేకను, ఒకసారి నన్ను.

"చెయ్యి ఆపకుంట తిప్పుతున్నవు. గా కొమ్ములు గూడ గిట్లనే తిరిగినయి. నువ్వే గీసినవా ఏంది?"

చేతిల మిషను జుయ్యిమంటున్నది. కాదంటే మూడొందల యాభై ఖాయం. అవునంటే బేరం మళ్ల మొదటికి.

"నేనే గీసిన, అక్కా. మాది జగిత్యాల."

"అట్లయితే మూడొందలే. జగిత్యాల మనిషికి హైదరాబాద్ రేటు ఎట్లొస్తది?"

ఆమె జాగల నేనుంటే అదే మాట అందును. "సరే గని, తగ్గించినందుకు నా పేరు గూడ కొట్టుకుంట" అన్న.

"ఎంత పెద్దగ?"

"గోరంత."

"కొట్టు. గా తోక కిందనే కొట్టు. గా తప్పు ఎవరిదో రేపు సుట్టాలందరికి తెల్వాలె!"

ఇరవై ఏండ్లల్ల నా పేరు నేను కొట్టుకునుడు అదే మొదలు. శారద అన్న మూడక్షరాలు కొంచెం పక్కకు ఒరిగినయి. బోణి పైసలు కండ్లకద్దుకుంటుంటే లచ్చవ్వ పళ్లెం చూసుకుంట, నవ్వుకుంట పోయింది.

అయిదున్నరకు జగిత్యాల బస్సు దొరికింది. ఈ దారిన రాదలచినోళ్లకు నా మాట: నేరుగ రాండ్రి, కోరుట్ల చుట్టు తిరగకుండ్రి. ధైర్యం పుట్టింట్ల దొరకలే నాకు, ఏ బస్సు స్టేజిల ఎక్కిందో గూడ తెల్వలే. చాయ మాత్రం ఒక్కటే తాగుండ్రి.

వేములవాడల ఎక్కిన ఒకాయన నా సంచిల మిగిలిన పళ్లేలల్ల ఒకటి చూసి అడిగిండు. "గీ బర్రెకు అయిదు కాళ్లేంది? ఎవరు గీసిండ్రమ్మా?"

"నేనే" అన్న. "రేటు నాలుగు కాళ్లకే. అయిదోది జీరో టికెట్."