పెట్టె కింద మిగిలిన నలుపు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, ఎండాకాలం మొదట్లో నన్ను నంద్యాల డిపోకు నాణ్యతా పరిశీలకుడిగా వేశారు. నాపరాళ్ళు కోసి పాలిష్ పట్టి అమ్మే ఫ్యాక్టరీ మాది. హోదా పేరు గొప్పగా ఉన్నా, నా పని ప్రధానంగా తిట్లు తినడమే. కొన్నవాళ్ళు రాయి చెడిందని ఫిర్యాదు చేస్తే ఇంటికెళ్ళి చూసి, తప్పు రాయిదో వాడకానిదో తేల్చి మేనేజరుకు రిపోర్టు ఇవ్వాలి. రిటైరయ్యేదాకా అదే చేశాను.

ఆ డిపోలో నాకొచ్చిన మొదటి ఫిర్యాదు ఆళ్ళగడ్డ నుంచి. ఫోన్ చేసినతను రఫీ, అక్కడ సైకిల్ షాపు నడుపుతాడు. ఇంట్లో నల్ల బండలన్నీ తెల్లగా పాలిపోయాయని, వాటిమీదే టైల్స్ అతికించడానికి మేస్త్రీకి చెప్పేశానని, మేము చూసినా చూడకపోయినా ఒకటేనని అన్నాడు. అలాంటివాడు ఫోన్ ఎందుకు చేశాడో ఇంటికి వెళ్ళాక తెలిసింది. చేయించింది వాళ్ళమ్మ ఖాజాబీ. ఆమె భర్త మస్తాన్ బండలు పరిచే మేస్త్రీ. ఊళ్ళో ఎన్నో ఇళ్ళకు పరిచి, చివరికి సొంతింటికీ పరుచుకున్నాడు. ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు.

"మా ఇంటాయన చేతిపని సార్ ఇది. పైన టైల్స్ ఏస్తే ఇంగ యాడ కనపడతాది?" అందామె.

రఫీ అడ్డు తగిలాడు. "ఎంత తుడిచినా తెల్లగానే ఉండాది కదమ్మా. వచ్చినోళ్ళంతా మా నాయన నాసిరకం రాయి ఏసినాడంటాండారు. ఆ మాట నేను పడలేను."

వీధుల్లో శిల్పుల ఉలి చప్పుడు వినిపించే ఊరది. రాయి గురించి ప్రతివాడికీ ఒక అభిప్రాయం ఉంటుంది. అలాంటిచోట పోయిన తండ్రి పేరు చెడుతోందని కొడుకు బండలు కప్పేయాలనుకుంటే, తల్లి ఆ బండల్లోనే ఆయన్ని చూసుకుంటోంది. ఇద్దరిదీ ఒకటే బాధ. నాకు జాలేసింది.

ముందు నీళ్ళు చల్లి చూశాను. తడిగా ఉన్నంతసేపూ బండ నల్లగా ఉండి, ఆరగానే మళ్ళీ తెల్లబడింది. అంటే అది మరక కాదు, రాయి పైపొరే కొరుక్కుపోయింది. నాపరాయి సున్నపు జాతిది. పులుపు తగిలిన చోటల్లా నునుపు పోయి గరుకుబారుతుంది. నల్లరాయి గరుకుబారితే కంటికి తెల్లగా కనిపిస్తుంది. యాసిడ్ ఎన్నాళ్ళ నుంచి పోస్తున్నారని కాస్త గట్టిగానే అడిగాను. బాత్రూమ్ యాసిడ్‌తో ఇల్లంతా కడిగేవాళ్ళంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంట.

"యాసిడ్డా? మా గడప తొక్కనీలేదు సార్. చింతపండు నీళ్ళతో తుడుస్తాండా, అంతే."

శుక్రవారం పొద్దున ఇత్తడి సామాన్లు చింతపండుతో తోమడం ఆ ఇంటి అలవాటు. బిందెలు తళతళలాడుతున్నాయి కదా అని, భర్త పోయిన దగ్గర్నుంచి ఆమె మిగిలిన గుజ్జును బకెట్‌లో పిసికి బండలూ తుడుస్తోంది. అవి మసకబారేకొద్దీ ఇంకాస్త చిక్కగా కలిపిందట.

విషయం చెప్పాక ఆమె గోడకు చేరగిలబడి కూర్చుంది. "అంటే నా చేత్తో నేనే చెరిపేసినానా?"

పులుపు తగలని బండ ఎక్కడైనా మిగిలిందేమోనని నేను గది చుట్టూ చూశాను. మూలన బట్టల ఇనుపపెట్టె ఉంది. ఇల్లు కట్టినప్పటి నుంచి దాన్ని కదపలేదన్నారు. రఫీ, నేను చెరోవైపు పట్టి జరిపాం. దుమ్ము తుడిస్తే, కింద పెట్టెంత మేర కారునలుపు. పైన తిరుగుతున్న ఫ్యాను అందులో కనిపించింది. రఫీ గొంతుక్కూర్చుని అరచేత్తో నిమిరాడు.

"రాయి మంచిదేనమ్మా. నాయన మంచి రాయే ఏసినాడు" అన్నాడు.

తప్పు వాడకానిదని రిపోర్టు రాశాను. నిబంధన ప్రకారం నా పని అక్కడితో సరి. అయినా పాలిష్ మెషిన్ పంపమని కింద ఒక వాక్యం చేర్చాను. మేనేజరు గొణిగాడు గానీ పంపాడు. రఫీ టైల్స్ మేస్త్రీని రావద్దన్నాడు. నీళ్ళు పారిస్తూ ముందు గరుకు రాయితో, తర్వాత అంతకంతకూ నున్నని రాళ్ళతో రుద్ది, చివర పాలిష్ పొడి పట్టించాం. నలుపు తిరిగొచ్చింది. ఇకపై ఇసుక లేకుండా మెత్తని చీపురుతో ఊడ్చి, మామూలు నీళ్ళతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టాలనీ, మజ్జిగో నిమ్మరసమో ఒలికితే వెంటనే తుడిచేయాలనీ, ఇత్తడి పెరట్లోనే తోమాలనీ ఖాజాబీకి చెప్పాను.

వంటింటి గుమ్మం దగ్గరి ఆఖరి బండ మీదికి మెషిన్ రాగానే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "అది ఇడిసిపెట్టండప్పా. రేపు కోడలొస్తే చింతపండు సంగతి నోటితో చెప్పే పని తప్పుతాది." మెషిన్ ఆపేశాం.

ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్ళినా ముందు బరువైన సామాను జరిపించి కింద రాయి చూసేవాణ్ణి. దేంతో తుడుస్తున్నారనేది ఆ తర్వాత, మెల్లిగా అడిగేవాణ్ణి. నేను చూసిన చెడిపోయిన బండల్లో ఎక్కువ భాగం ఇల్లు ప్రాణంగా చూసుకునేవాళ్ళవే.