మునిరత్నంగారి నల్లబిళ్ల

మునిరత్నంగారు పరమపదించారని వడమాలపేట నుంచి కబురు వచ్చినప్పుడు నేను పలమనేరు కళాశాలలో పాఠం చెబుతున్నాను. సుద్దముక్క చేతిలో అలాగే ఉండిపోయింది. దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. ఆ కోపాన్ని దాచుకుని నివాళి రాయడం నాకు చేతకాదు.

తిరుపతిలో మేం చదివిన కళాశాలలో ఆయన వృక్షశాస్త్ర ప్రయోగశాల అటెండరు. చదివింది ఎనిమిదో తరగతి. మైక్రోస్కోపు దగ్గర మాత్రం మా అందరికీ గురువు. చెరువు నీటిలోని సూక్ష్మజీవులు గాజులాంటివి. మామూలు వెలుతురులో వాటి ఆనవాలే తెలియదు, రంగు వేస్తే చచ్చిపోతాయి. ఆయన ఫోటో స్టూడియోలో పారేసిన నల్లకాగితాన్ని గుండ్రటి బిళ్లగా కత్తిరించి, గాజుపలక మీద అంటించి, స్లైడు కింద ఉండే కటకానికి అడుగున పెట్టారు. నడిమి వెలుగు ఆగిపోయి పక్కల వెలుగే జీవిని తాకింది. కారునలుపు నేపథ్యంలో ఆ ప్రాణులు మెరుస్తూ ఈదాయి.

"ఎల్తురు ఎక్కువైనా కండ్లు కనపడవప్పా. యాడ అడ్డం పెట్టాల్నో తెలుసుకోవల్ల," అనేవారు.

విదేశాల్లో ఈ ఉపాయం పాతదే కావచ్చు. మా పాత మైక్రోస్కోపు మీద దాన్ని స్వయంగా సాధించింది ఆయన. శాఖాధిపతి అయిన ఆచార్యులవారు దాన్ని తమ పేరుతో వ్యాసంగా అచ్చువేసుకున్నారు. కృతజ్ఞతల్లో కూడా మునిరత్నం అన్న నాలుగక్షరాలు లేవు. ఆ వ్యాసానికి బొమ్మలు గీసింది నేను. అడగవలసినవాణ్ణి, మార్కులకు భయపడి నోరు మూసుకున్నాను.

ఒకరోజు తనిఖీ బృందం వచ్చింది. ఆచార్యులవారు వాళ్ల ఎదుట మైక్రోస్కోపులో ఇంకా పెద్దదిగా చూపే పై కటకం తిప్పి పెట్టారు. దానికి అడుగున ఇంకా పెద్ద నల్లబిళ్ల కావాలని వారికి తెలియదు. అంతా తెల్లగా అలుక్కుపోయింది.

"మునిరత్నం, ఏమైందో చూడు."

"నాకేం తెలుస్తాది సార్. కనిపెట్టినోళ్లు మీరు గదా," అన్నారు ఈయన చేతులు కట్టుకుని.

సాయంత్రం నాతో చెప్పారు: "పెద్ద బిళ్ల నా జోబీలోనే ఉన్నిందప్పా. ఇయ్యబుద్ధి కాలేదు."

ఆ మాట తలచుకుంటే నాకు ఇవాళ్టికీ ఆనందమే. ఆ నెలలోనే ఆయన్ను సామాన్ల గదికి మార్చారు. రిటైరయ్యేదాకా మళ్లీ మైక్రోస్కోపు ముట్టనివ్వలేదు.

అంతటి సునిశిత దృష్టి, అంతటి నిరాడంబర ప్రతిభ మాకు మళ్లీ లభించవు. ఆయన ఆత్మకు శాంతి కలగాలని అందరూ అంటున్నారు. నాకు మాత్రం ఇంకా శాంతి లేదు.

వచ్చే నెల మా కళాశాలలో ప్రాక్టికల్ పరీక్షలు. బయటి పరీక్షకులుగా ఆ ఆచార్యులవారే వస్తున్నారట. రానివ్వండి. నా విద్యార్థులందరి రికార్డు పుస్తకాల్లో ఆ ప్రయోగానికి "మునిరత్నం పద్ధతి" అని శీర్షిక రాయించాను. పిల్లలు వరసగా తెచ్చి ముందు పెడతారు. ఒక్కొక్కదాని కిందా ఆచార్యులవారు సంతకం చెయ్యాలి.