అడ్డుపుల్ల మేడం

మా మేడం జన్మలో పొలిమేర దాటి ఎరగదు, కానీ వందలమందిని సముద్రాలు దాటించింది. మా కంపెనీ బాయిలర్లు చేస్తుంది. నాలుగైదు దేశాల్లో ఫ్యాక్టరీలున్నాయి. ఎక్కడ ఏ పని మొదలైనా ఇక్కణ్ణించి మనుషులు వెళ్ళి రెండేళ్ళో మూడేళ్ళో ఉండాలి. ఎవరిని పంపాలి, ఏ ఇంట్లో ఉంచాలి, జ్వరమొస్తే ఎవరు చూడాలి, తిరిగొచ్చాక ఏ కుర్చీలో కూర్చోబెట్టాలి, అన్నీ ఆవిడ నెత్తిమీదే. నేను అదే గదిలో టిక్కెట్లు తీసేవాణ్ణి. మా ఇద్దరికీ మధ్య భుజాలెత్తు ప్లైవుడ్డు అడ్డం ఒక్కటే. అవతల ఏం మాట్లాడినా, వద్దన్నా నా చెవిన పడేది.

ఆవిడ ఒక పద్ధతి పెట్టుకుంది. కంపెనీ చెప్పింది కాదు, సొంతం. మనిషిని ఖాయం చేసేముందు వాళ్ళావిణ్ణి ఒంటరిగా పిలిచి, కుర్చీ వేసి, "మీకిష్టమేనా అమ్మా?" అని అడిగేది. ఇష్టం లేదంటే ఆ మాట ఆ గది దాటేది కాదు. మొగుడితో మాత్రం, "ఈసారి నిన్ను పంపడం లేదు, ఇది నా నిర్ణయం" అనేది. ఎందుకని ఎంత గింజుకున్నా పెదవి విప్పేది కాదు. దాంతో షాపుఫ్లోరంతా కలిసి అడ్డుపుల్ల మేడం అని పేరు పెట్టారు. చుట్టాలని పంపుకుంటుందన్నారు. పెళ్ళీపెటాకులు లేవు కాబట్టి సంసారులంటే కడుపుమంట అన్నారు. ఆ మాటలన్న నోళ్ళు పుచ్చిపోను, వాళ్ళలో కొందరి కాపురాలు నిలబడ్డది ఆవిడ వల్లే.

ఒక ఫిట్టరు ఉండేవాడు. పనిలో ఘటికుడు. బయటికెళ్ళి వచ్చినవాళ్ళకే ఫోర్‌మన్ కుర్చీ అని మా దగ్గర రివాజు. వాడికి ఆ కుర్చీ మీదే ప్రాణం. మేడం పిలిస్తే వాళ్ళావిడ వచ్చి, కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"మామగారు పక్షవాతంతో మంచం మీదున్నారండీ. భారీ మనిషి. పక్క మార్చాలన్నా, కడగాలన్నా ఇద్దరం పట్టాలి. మా ఆయన వెళ్ళిపోతే నేనొక్కదాన్నే చెయ్యాలి. కోడల్ని కదండీ. నేనొక్కదాన్నే ఉన్నప్పుడు మామగారు సిగ్గుతో కళ్ళు మూసుకుంటారు. ఈ మాట ఆయనతో అంటే, మా నాన్న నీకు బరువయ్యాడా అంటారు."

"నువ్వేమీ అనక్కర్లేదు. నేను చూసుకుంటాను" అంది మేడం.

మరుసటేడూ అదే ప్రశ్న, అదే జవాబు. ఆ రెండోసారి ఫిట్టరు పెళ్ళాన్ని వెంటబెట్టుకుని తలుపు తోసుకొచ్చాడు.

"నాలో ఏం తక్కువ చూశారు మేడం? నా నోటికాడ కూడు లాగేస్తే మీకేమొస్తుంది?"

మేడం ఫైలు చూస్తూ కూర్చుంది. అంతలో వాళ్ళావిడ ముందుకొచ్చి, "మా ఉసురు ఊరికే పోదు" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళు వెళ్ళాక, "ఆ మహాతల్లికి నోరెలా వచ్చిందండీ?" అన్నాను.

"మొగుడి పక్కన నిలబడి ఇంకేమంటుంది?" అంది మేడం. ఆ పూట టిఫిన్ బాక్సు మాత్రం తెరవలేదు.

ఇంకో ఏడాదికి మూడోసారి వచ్చినప్పుడు ఆ ఇల్లాలి మణికట్టుకి గుడ్డ కట్టుంది. అడిగీ అడగకముందే, "ఇష్టమేనండీ" అంది.

"మామగారు కోలుకున్నారా?"

"లేదండీ."

"మరి?"

"రెండోసారి మీరు కాదన్నాక మా ఆయన మామగారి గది గడప తొక్కడం మానేశారు. ఇంట్లో ఎవరితోనూ మాటల్లేవు. అప్పట్నించీ మామగారిని నేనొక్కదాన్నే ఎత్తుతున్నాను. ఆయన ఇక్కడుంటే ఏంటి, అక్కడుంటే ఏంటి?"

మేడం ఆ మణికట్టు వైపు చూసింది. తర్వాత, "పోనీ అతనితో నేను చెప్పనా?" అంది.

"వద్దండీ, మీకు పుణ్యముంటుంది. చెబితే ఆ అడ్డుపుల్ల పేరు నాకొస్తుంది. మీరైతే సాయంత్రానికి ఇంటికెళ్ళిపోతారు. నేనెక్కడికి పోను?"

ఫిట్టరు ముఖం చాటంత చేసుకుని టిక్కెట్టుకి వచ్చాడు. "మొత్తానికి మీ మనసు కరిగింది మేడం" అన్నాడు.

"మీ నాన్నగారిని ఎవరు చూసుకుంటారు?" అని అడిగింది ఆవిడ.

"మా ఆవిడ ఉందిగా. దానికి అలవాటే."

ఆ టిక్కెట్టు వాడి ముఖాన కొట్టాలనిపించింది నాకు. మేడం మాత్రం, "జాగ్రత్తగా వెళ్ళిరా" అంది. వాడు వెళ్ళాక కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది, మళ్ళీ పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.

ఆ తర్వాతి వారం ఒక వెల్డరు భార్య వచ్చింది. మేడం పిలవలేదు. ఇలా అడుగుతారని ఎవరో చెబితే తనే వచ్చి, కుర్చీ అంచున కూర్చుంది.

"ఇప్పుడు అడగడం మానేశానమ్మా. ఇంటికెళ్ళు" అంది మేడం, తలెత్తకుండా.

"నేను చెప్పాల్సిందొకటి ఉందండీ."

"వద్దమ్మా. వింటే నేను ఊరుకోలేను."

ఆమె లేచి వెళ్ళిపోయింది. ఆమె భర్తకి టిక్కెట్టు నేనే తీశాను.