పది బారల పందెం

మా బావగారి కారు తాళాలు ఎవరి దగ్గర ఉండాలో తేల్చుకోవడానికి ఆయనా నేనూ శాన్ హువాన్ బటిస్టా వెళ్ళాం. జనం ఆ ఊరికి పాత మిషన్ చర్చి చూడ్డానికి వెళతారు. మాకు చర్చి దారిలో తగిలింది, అంతే.

రామ్మూర్తి బావ మా సుగుణక్క భర్త. కాలిఫోర్నియాలో రోడ్లూ వంతెనలూ కట్టించి రిటైరైన సివిల్ ఇంజనీరు. ఎనభైకి దగ్గర పడ్డారు. ఈ మధ్య గరాజులోంచి కారు వెనక్కి తీస్తూ కుడివైపు అద్దం ఊడగొట్టారు. "ఇక డ్రైవింగ్ చాలు, తాళాలిచ్చెయ్యండి" అంది అక్క. "నా కంటి కొలతకి ఢోకా లేదు, గరాజే ఇరుకు" అన్నారు ఈయన. ఇక ఆ ఇంట్లో పొద్దున లేస్తే ఇదే రామాయణం. ఫ్రీమాంట్‌లో వాళ్ళింటికి రెండు వీధుల అవతలే నేనుంటాను. అందుకని ఇద్దరూ ఫోన్ చేసి వాయించేది నన్నే.

పందెం ఐడియా నాదే. శాన్ హువాన్‌లో ఆ శనివారం పాతకాలపు వేషాలేసుకుని, స్పానిష్ వాళ్ళ ఏలుబడి నాటి తూకాలూ కొలతలూ చూపిస్తారని విన్నాను. టేపు లేకుండా, కాటా లేకుండా, కంటితో చేత్తో కొలిచి బావ నెగ్గితే తాళాలు ఆయనవి. ఓడితే అక్కవి. తీర్పరిని నేను. బయల్దేరే ముందు అక్క నన్ను వంటింట్లోకి లాగి, "ఎలాగైనా ఓడిపోయేలా చూడవే జయా" అంది. సరేనన్నాను. కానీ నా బాధ నాది. అక్కకి డ్రైవింగ్ రాదు. ఈయన తాళాలిచ్చేస్తే డాక్టరు దగ్గరికీ, ఇండియన్ స్టోర్‌కీ, సాయంత్రం పేకాటకీ తిప్పాల్సింది ఎవరు? నేనే! కాబట్టి పైకి తీర్పరిని, లోపల మాత్రం పక్కా బావ పార్టీ.

పొద్దున్నే బావే స్టేషన్‌దాకా డ్రైవ్ చేశారు. దూరం పెద్దగా లేదు గానీ నేను మాత్రం తలుపు పిడి వదల్లేదు. ఎనిమిదిన్నర ప్రాంతంలో శాన్ హోసే రైలెక్కాం. ఈ రైలు సముద్రపు పాయ ఒడ్డున ఉప్పు మడుగుల మధ్యనుంచి పోతుంది. వెళ్ళేవాళ్ళు కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి, కొంగలు బాగా కనిపిస్తాయి. పులిహోర డబ్బా మూత తీయగానే వెనక సీట్లోంచి ఓ అమ్మాయి తల ముందుకు పెట్టింది.

"ఆంటీ, తెలుగోళ్ళేనా? ఎక్కడిదాకా పోతున్నరు?"

చెప్పాను.

"గంత దూరం బస్సులల్లనా! అంకుల్, మంచిగ రైడ్ బుక్ చేస్కోవచ్చు గదా."

"నా కారే ఉందమ్మా తల్లీ. దాని మీదే కేసు నడుస్తోంది" అన్నారు బావ, పులిహోర ఆ అమ్మాయికీ పెడుతూ.

శాన్ హోసేలో దిగి గిల్‌రాయ్ బస్సు పట్టుకున్నాం. గంట పైనే పట్టింది. గిల్‌రాయ్ అంటే వెల్లుల్లికి పేరు. బస్సు తలుపు తెరుచుకోగానే ఆ ఘాటు లోపలికొచ్చింది. బావ కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చి, "మీ అక్క ఆవకాయ కలిపిన రోజు ఇల్లిలాగే ఉంటుంది" అన్నారు. అక్కడినుంచి కౌంటీ వాళ్ళ చిన్న బస్సు. వెళ్ళేవాళ్ళకో మాట: దానికి చిల్లర దగ్గరుంచుకోండి, శనివారాలు అది ఎప్పుడో ఒకటి వస్తుంది గనక ముందే టైములు చూసుకోండి. మేం చూసుకోలేదు. బెంచీ మీద కూర్చుని అక్కని ఆడిపోసుకుంటూ కాలక్షేపం చేశాం.

పన్నెండు దాటాక శాన్ హువాన్‌లో దిగాం. వీధుల్లో కోళ్ళు యజమానుల్లా తిరుగుతున్నాయి. చర్చి ముందు పెద్ద పచ్చిక మైదానం, దాని పక్కన మట్టి ఇటుకల పాత ఇళ్ళు, ఓ చెట్టు కింద కొలతల బల్ల. బల్ల వెనక పొడవాటి లంగా, భుజాల మీద శాలువాతో దెల్ఫీనా అనే ఆవిడ నిలబడి ఉంది. రిటైరైన స్కూల్ టీచరట. పందెం సంగతి చెప్పగానే ఆవిడకి భలే హుషారొచ్చింది. మూడు పరీక్షలు తనే పెడతానంది.

మొదటిది తూకం. చిక్కుడు గింజల బస్తా ఒకటి చూపించి, ఇది ఒక అర్రోబా, ఎన్ని పౌండ్లో చెప్పండి అంది. బావ బస్తాని రెండు చేతులా ఎత్తి, భుజం మీద వేసుకుని, నాలుగడుగులు అటూ ఇటూ నడిచారు.

"ఇరవై పౌండ్ల సోనామసూరి బస్తా నెలనెలా మోస్తున్నాను. దీనికి ఇంకో అయిదు వెయ్. ఇరవై అయిదు."

సరిగ్గా అంతే! దెల్ఫీనా చప్పట్లు కొట్టింది. ఈమెయిల్లో మనం కొట్టే @ గుర్తు ఉంది చూశారూ, స్పానిష్‌లో దాని పేరు అర్రోబాయేనట. పాతకాలం వర్తకులు ఈ తూకానికి వేసుకున్న గుర్తట అది. ముప్ఫై ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నదాన్ని, రోజూ ఇన్నిన్ని చిక్కుడు బస్తాలు పంపిస్తున్నానని నాకు తెలీదు.

రెండోది అల్ముద్. మన కుంచం లాంటి చెక్క డబ్బా. పన్నెండు అల్ముద్‌లు ఒక ఫనేగా. ఫనేగా అంటే గింజలూ అవే, ఆ గింజలు చల్లితే సరిపోయే నేలా అదే. "మన పుట్టెడు నేల లాగన్నమాట!" అని బావ మురిసిపోయారు. చెంబుతో మొక్కజొన్నలు పోస్తూ డబ్బా నిండడానికి ఎన్ని చెంబులో ముందే చెప్పేశారు. పైన పుల్లతో గీకి చదును చేసేదాకా ఆవిణ్ణి వదల్లేదు. అదీ నెగ్గారు. నాకు లోపల ఒకటే సంబరం.

ఇక మూడోది పొడవు. దెల్ఫీనా కర్రల కంచె మొదట్లో ఉన్న గుంజ చూపించి, ఇక్కణ్ణుంచి పది బారాలు ఎక్కడికొస్తాయో అక్కడ ఈ జెండా పాతమంది. బావ మొహం చింకి చాటంతైంది.

"మన బారే మరదలా! వీళ్ళు మన దగ్గరే ఎత్తుకెళ్ళి ఉంటారు!"

నేను నోరు తెరిచేలోపే ఆయన కంచెకి మొహం పెట్టి, రెండు చేతులూ బార్లా చాపేశారు. ఎడమచేతి వేళ్ళు గుంజ మీద, కుడిచేతి వేళ్ళు అందినంత దూరంలో. "ఒకటి!" అని అరిచి, కుడిచేయి ఉన్నచోటికి ఎడమచేయి జరిపి, "రెండు!" అన్నారు. కంచెని కావలించుకుంటూ పోతున్న ఆ పెద్దమనిషిని చూసి దెల్ఫీనా కళ్ళు ఇంతింతయ్యాయి. జనం పోగయ్యారు. ఇద్దరు ఫోన్లు కూడా తీశారు.

కంచె మధ్యలో బండ్లు వెళ్ళడానికి దారి ఉంది. పిల్లల్ని తిప్పే గుర్రబ్బండి కుడివైపునుంచి ఆ దారిలోకి తిరిగింది. గుర్రం మెడలో గంట. బండివాడు కేకేశాడు. బావ "ఏడు!" అంటూ చేయి చాపుకుని నేరుగా దాని ముందుకి అడుగు వేశారు. నేను పరిగెత్తి చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. గుర్రం మూతి ఆయన వేళ్ళకి తగిలినంత పనైంది.

"ఎక్కణ్ణుంచి వచ్చిందిది?" అన్నారు బావ.

అంత గుర్రం! గరాజులో ఊడింది కూడా కుడివైపు అద్దమేనని అప్పుడు తట్టింది. ఆయన మిగతా మూడు బారలూ కొలిచి, దర్జాగా జెండా పాతేశారు.

దెల్ఫీనా నవ్వాపుకోలేక బల్లకి ఆనుకుంది. జెండా పాతాల్సిన చోటికి రెట్టింపు దూరం వెళ్ళారంది. బారా అన్న మాటెలా రాస్తారని అడిగితే పలక మీద రాసి చూపించింది. V తో మొదలైంది. స్పానిష్‌లో ఆ అక్షరాన్ని 'బ' అనే పలుకుతారట.

బావ నెత్తి కొట్టుకున్నారు. "ఓరి నీ! ఇది వరా కదే! పాత రాంచోల, అదే ఆనాటి పెద్ద పెద్ద ఎస్టేట్ల, మ్యాపుల్లో సర్వీస్ అంతా చూస్తూనే ఉన్నా. మా ఆఫీసులో అందరం వరా, వరా అనే అనేవాళ్ళం. ముప్ఫై మూడు అంగుళాలు. టెక్సాస్‌లో అయితే ఇంకో పిసరు ఎక్కువ, అక్కడ వాళ్ళకి అన్నీ పెద్దవే."

భాష తప్పుకి మనిషిని ఓడించకూడదని నేను వాదించాను. దెల్ఫీనా ఒప్పుకుంది. ఈసారి బావ గుంజ దగ్గర కదలకుండా నిలబడి, కంటితోనే చూసి, నన్ను నడిపించి, "ఆగు, అక్కడే!" అన్నారు. దెల్ఫీనా వరా కర్రతో పదిసార్లు కొలిచింది. రెండు వేళ్ళ తేడా.

"తీర్పు చెప్పవమ్మా తీర్పరీ" అన్నారు బావ.

"గెలిచారు" అన్నాను. నా చూపు మాత్రం గుర్రబ్బండి మీదే ఉంది.

వీధి చివర చిన్న హోటల్లో టోర్టియాలు, చిక్కుళ్ళ కూర తిన్నాం. బావ అక్కకి ఫోన్ చేసి పది నిమిషాలు గొప్పలు చెప్పుకున్నారు. తర్వాత ఫోన్ నాకిచ్చారు.

"నీకేం చెప్పి పంపానే నేను!" అంది అక్క.

గుర్రం సంగతి చెప్పలేదు. బిల్లు వచ్చిందని పెట్టేశాను.

తిరుగు ప్రయాణంలో రెండు బస్సులూ ఆలస్యంగానే వచ్చాయి. సాయంత్రం రైల్లో బావ కిటికీ పక్కన, నేను ఆయనకి కుడివైపున కూర్చున్నాం. సంచీలోంచి చక్కిలం తీసి ఆయన చెవి పక్కన పట్టుకున్నాను. ఆయన ఎదురు సీటు వైపు చూస్తూ, రాంచోలు ఇచ్చిన రోజుల్లో గుర్రాల మీద తాళ్ళు పట్టుకుని భూమెలా కొలిచేవాళ్ళో చెప్పుకుపోతున్నారు. నా చేయి నొప్పెడుతోంది. చక్కిలం మాత్రం అలాగే ఉంది.

"బావా, ఇది మీకు కనిపించట్లేదా?"

ఆయన తల మొత్తం తిప్పి చూశారు. మొహంలో నవ్వు పోయింది.

"ఎంతసేపట్నుంచి పట్టుకున్నావే?"

"చాలాసేపైంది. మధ్యాహ్నం గుర్రం కూడా మీకు కనిపించలేదు. నాకు భయంగా ఉంది బావా."

ఆయన చూపు ఎదురు సీటు మీదే నిలిపి, ఎడమచేయి కిటికీ వైపు చాపగలిగినంత చాపి వేళ్ళు ఆడించారు. తల ఊపారు. తర్వాత కుడిచేయి నా మొహం మీదుగా నడవలోకి బార్లా చాపారు. కాఫీ కప్పుతో వస్తున్న ఒకాయన గబుక్కున వంగి కిందనుంచి దూరిపోయాడు. బావ వేళ్ళాడిస్తూ చేతిని మెల్లగా లోపలికి తెచ్చుకున్నారు. నా ముక్కు దాటింది. నా భుజం దాటింది. దాదాపు ఆయన ముక్కు ఎదురుగా వచ్చాక ఆగింది.

"ఎడమవైపు ఉన్నంత మేరా కనిపిస్తోంది" అన్నారు, రోడ్డు వెడల్పు చెబుతున్నట్టు. "కుడివైపు జానెడు."

"సోమవారం కళ్ళ డాక్టరు దగ్గరికి వెళదాం."

"వెళదాం" అని చక్కిలం తీసుకుని విరిచి, నాకు సగం ఇచ్చారు.

ఫ్రీమాంట్ చేరేసరికి చీకటి పడుతోంది. ఎవరైనా అడిగితే, శాన్ హువాన్ ఒక రోజులో హాయిగా చూసి రాగల ఊరని చెబుతాను. కోళ్ళు బాగుంటాయి, టోర్టియాలు వేడిగా ఉంటాయి. ఎవరి కొలత ఎంతో చేయి చాపి చూసుకునే వీలుంది, మనసు మాత్రం గట్టిచేసుకుని వెళ్ళాలి.

స్టేషన్ పార్కింగ్‌లో బావ కారు దగ్గర నిలబడి జేబులోంచి తాళాలు తీశారు.

"పందెం ఎవరు గెలిచారు?"

"మీరే బావా."

"అయితే ఇవి నావి. నావి కాబట్టి నా ఇష్టమొచ్చినవాళ్ళకి ఇస్తాను. మీ అక్కకి మాత్రం చచ్చినా ఇవ్వను" అని నా అరచేతిలో పెట్టి, అటువైపు తిరిగి వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నారు.

నేను సీటు ముందుకి జరుపుకుని, ఇంజన్ స్టార్ట్ చేశాను.

"కుడివైపు చూసి తియ్యి" అన్నారు బావ బెల్టు పెట్టుకుంటూ. "నీకు కనిపిస్తుందిగా."