రెండు కొమ్ముల నాగలి

మా అత్తని ఊళ్ళో అందరూ ‘కొక్కేలావిడ’ అంటారు. ఎదురుగా మాత్రం అనరు. ఎదురుగా అన్నవాడి ట్రాక్టరు షెడ్డులోంచి ఓ పట్టాన బయటికి రాదు.

ఆవిడ మా నాన్నకి అక్క. తాతయ్య వెల్డింగు షెడ్డులో ఆయన పక్కనే నిలబడి పని నేర్చుకుంది. తాతయ్య పోయేముందు పంపకాలు తనే చెప్పాడు. షెడ్డూ పాత ట్రాక్టరూ కూతురికి, పొలమూ నాగలీ కొడుక్కి. నాన్న నలుగురిలో, “ఆడదానికి ట్రాక్టరెందుకు?” అన్నాడు. అత్త, “ట్రాక్టరు లేనివాడికి నాగలెందుకు?” అంది. అంతే, అప్పటినుంచి మాటల్లేవు. మా పొలంలో పంట ఎప్పుడూ అంతంతమాత్రమే. ఇంట్లో పౌరుషం మాత్రం విరగకాస్తుంది.

అత్త అన్నది వట్టి ఎత్తిపొడుపు కాదు. ఆ ట్రాక్టరూ ఆ నాగలీ ఒకదానికోసం ఒకటి పుట్టినవి.

తొలినాటి ట్రాక్టర్లకి వెనక ఒక ఇనుప కడ్డీ, దానికో బెజ్జం, అందులో ఓ పిన్ను ఉండేవి. పశువులు లాగినట్టే నాగలిని ఈడ్చుకుపోయేవి. నాగలి రాయికి పట్టేసినప్పుడు ముందు చక్రాలు లేచి, ట్రాక్టరు నడిపేవాడి మీదికే తిరగబడిన సందర్భాలున్నాయి. తరవాత నాగలిని ట్రాక్టరు ఒంటికే తగిలించి, నూనె ఒత్తిడితో పైకెత్తే పద్ధతులు వచ్చాయి. అసలు గోల అక్కడ మొదలైంది. కంపెనీకో రకం కొక్కెం. ఒకరి ట్రాక్టరు కొన్న పాపానికి నాగలి కూడా వాళ్ళదగ్గరే కొనాలి. రైతుని కట్టిపడెయ్యడానికి వ్యాపారులకి అంతకన్నా గట్టి తాడు దొరకలేదు. చివరికి కింద రెండు చేతులూ పైన ఒకటీ ఉండే పద్ధతి నిలబడింది. దానికి ఎవరి పనిముట్టయినా తగులుతుంది. మిగతావన్నీ పాత ఇనుములో కలిశాయి.

అత్త బతుకంతా ఆ మార్పు మీదే గడిచింది. పాత కొక్కేలు కోసి మూడు చేతులు అమర్చడం ఆవిడ పని. చుట్టుపక్కల ఏ పాత ట్రాక్టరు వెనక్కి వెళ్ళి చూసినా ఆవిడ అతుకే కనిపిస్తుంది. తాతయ్య ట్రాక్టరు జోలికి మాత్రం వెళ్ళలేదు. దాని వెనక రెండు గూళ్ళు, నాగలికి ముందు రెండు ఇనుప కొమ్ములు. ట్రాక్టరుని వెనక్కి పోనిస్తే కొమ్ములు గూళ్ళలోకి దూరి బిగుసుకుంటాయి. ఆ జత మళ్ళీ ఒక్కసారి దుక్కి దున్నగా చూడాలని అత్త కోరిక. అందుకే ఇంజను అప్పుడప్పుడూ తిప్పుతూ, గూళ్ళకి గ్రీజు పూస్తూ ఉంటుంది. నాగలేమో తమ్ముడి పెరట్లో ఉంది.

ఈ ఏడు నాన్న మూడు చేతుల ట్రాక్టరు ఒకటి పాతది కొన్నాడు. తాతయ్య నాగలి దానికి తగలదు. బస్టాండు దగ్గర ఒకతను కొమ్ములకి అడ్డంగా ఏదో అతికించి ఇచ్చాడు. మొదటి రాయికే విరిగింది.

“ఇది మీ అక్కకి తప్ప లొంగదు. పౌరుషం పక్కనబెట్టి వెళ్ళండి” అంది అమ్మ.

నాన్న పౌరుషం పక్కనబెట్టలేదు. దానికి రంగేశాడు. ఎర్ర నాగలిని నీలం చేసి, నన్ను పిలిచి, “మీ ఫ్రెండుదని చెప్పు. కొమ్ములు కోసి మూడు చేతులకి పట్టేలా చెయ్యమను” అన్నాడు.

నాకు ఫ్రెండ్సెవరూ లేరు. ఆ సంగతి అత్తకి తెలుసు.

షెడ్డు దగ్గర బండి మీంచి దించగానే అత్త నాగలి చుట్టూ ఒకసారి తిరిగి, వేలితో రాసి చూసింది. వేలు నీలమైంది.

“ఎవరిదిరా అల్లుడూ?”

“ఫ్రెండుదత్తా.”

“పెళ్ళయిందా మీ ఫ్రెండుకి?”

“ఆఁ.”

“కొడుకున్నాడా? పొడుగ్గా, పుస్తకాలు నములుతూ, ఎప్పుడూ మొహం మాడ్చుకుని?”

షెడ్డు ముందు వసారాలో మామయ్య కుట్టుమిషను తొక్కుతున్నాడు. ఆయన దర్జీ. “రంగైనా ఆరనివ్వాల్సింది, పాపం” అన్నాడు తల ఎత్తకుండా.

“మీ ఫ్రెండుని ట్రాక్టరు తీసుకుని రమ్మను. కొలతల్లేకుండా నేను చెయ్యను” అంది అత్త.

నాన్న వచ్చాడు. ఇంజను ఆపి, ఆకాశంతో మాట్లాడుతున్నట్టు నాతో అన్నాడు: “ఎన్నాళ్ళు పడుతుందో అడుగు.”

“కోస్తే రేపటికల్లా అవుతుందని చెప్పు. కొయ్యకుండా అయితే ఆలస్యం” అంది అత్త, ఆవిడా నాతోనే.

“కొయ్యకుండా ఎలా కుదురుతుందట?”

“మధ్యలో చట్రం కట్టచ్చు. ఒక పక్క గూళ్ళు, ఒక పక్క పిన్నులు. కొమ్ములు ఎక్కడివక్కడే ఉంటాయి. కాకపోతే నాగలి మూరెడు వెనక్కి పోతుంది. ఆ బరువుకి ట్రాక్టరు మూతి లేస్తుంది.”

“వద్దు. కోసెయ్యమను. ఆ కొమ్ములు పెట్టుకుని నేనేం చేసుకోను?”

నాన్న నడిచి వెళ్ళిపోయాడు. ట్రాక్టరూ నాగలీ షెడ్డులోనే ఉన్నాయి. ఇక ఏం చేసినా అత్త ఇష్టం. చట్రం కట్టి, కావాలంటే తీసుకో లేకపోతే మానుకో అంటే నాన్న నోరుమూసుకుని తీసుకునేవాడు. నేనైతే అదే చేసేవాణ్ణి. మామయ్యా అదే అన్నాడు.

“చట్రమే కట్టవే. ఇన్నేళ్ళు కాచుకున్నావు, కోసేస్తే మళ్ళీ వస్తాయా అవి?”

“గట్టు ఎక్కేటప్పుడు మూతి లేస్తే, మీద కూచునేది ఎవరు?” అంది అత్త.

మామయ్య మళ్ళీ మిషను తొక్కడం మొదలెట్టాడు.

అత్త కొమ్ముల మొదట్లో సుద్దముక్కతో గీతలు గీసింది. గీసినవాటిని తుడిచి, కొలిచి, మళ్ళీ గీసింది. నల్లద్దాలు పెట్టుకుని మంట వెలిగించింది. మొదటి కొమ్ము దబ్బున నేలమీద పడింది. రెండోది తెగబోతుండగా రెండో చేత్తో పట్టుకుంది. తొడుగున్నా కాలుతుంది. అయినా కింద పడనివ్వలేదు. మెల్లగా గోడవారగా పెట్టి, “ఆ చదరపు ఇనపబద్ద అందుకోరా” అంది. 

పని ముగిశాక నాగలిని పొలంలో సరిచూడాలి కాబట్టి అత్త మా పొలానికి వచ్చింది. నాన్న సీటు మీద, ఆవిడ చాలు పక్కన, రాయబారిగా మధ్యలో నేను.

“నాగలి ముక్కు మీద నడుస్తోంది. పైచేతి కడ్డీ తిప్పి పొడుగు చెయ్యమను” అంది అత్త.

నాన్న దిగి తిప్పాడు. ఇంకా పొట్టి చేశాడు. ఎక్కి కదిలించగానే కర్రు మొన నేలలో దిగబడిపోయి ఇంజను ఆగింది.

“అటు కాదురా వెధవా, ఇటు! చిన్నప్పుడు నా సైకిలు బోల్టులన్నీ ఇలాగే నాశనం చేశావు!”

“నువ్వు సరిగ్గా చెప్పి ఏడిస్తేగా!”

“చెయ్యి తియ్యి. చూడు, ఇలా.”

“తెలుసులే!”

నాకు పని లేకుండా పోయింది. గట్టు మీద కూచున్నాను.

ఈసారి మట్టి సాఫీగా తిరగబడింది. నాన్న చాలులో చెయ్యి పెట్టి లోతు చూశాడు. చాలాసేపు చూశాడు, అంత చూడాల్సిందేమీ లేకపోయినా.

“నాన్న పాత ట్రాక్టరు నడుస్తోందా?” అన్నాడు అత్తతో.

“ఇంజనుకేం, రాయిలా ఉంది. లాగడానికి నాగలేది?”

“నా దుక్కి అయ్యాక ఇది పట్టుకుపో.”

“ఎలా తగులుతుందిరా? కొమ్ములు కోయించావుగా.”

నాన్న చేతి మట్టి దులుపుకున్నాడు. “ఊళ్ళో వాళ్ళందరికీ మూడు చేతులు పెట్టావు. దానికి పెట్టలేవా?”

అత్త నాగలి వైపు చూసి, ఇంకోసారి దున్నమని చెయ్యి ఊపింది.

తరవాత నేను షెడ్డుకి వెళ్ళేసరికి ఆవిడ తాతయ్య ట్రాక్టరు కింద పడుకుని ఉంది. గూళ్ళ బోల్టులు తుప్పుకి బిగుసుకుపోయి రావడంలేదు. పక్కనే పానాతో నాన్న.

“ఇంకా గట్టిగా తిప్పరా, తిన్నదంతా ఏమైంది?”

“తిప్పుతూనే ఉన్నాగా! ఇన్నేళ్ళూ గ్రీజు రాశానన్నావు, ఏదీ?”

“లోపలికి రాశాను. బోల్టులకెందుకు రాస్తాను? విప్పుతాననుకున్నానా?”

నాన్న పానాని రెండు చేతులా పట్టుకుని, కాలు చక్రానికి తన్నిపెట్టి, మళ్ళీ తిప్పాడు.