మావారు నాకు సైకిలు నేర్పారట

మొన్న ఆదివారం టొరంటో పక్కన మిస్సిసాగాలో మా మరిది ఇంట్లో సత్యనారాయణ వ్రతమైతే వెళ్ళాం. నేను ప్రసాదం గిన్నె పట్టుకుని పంచుతూ ఉండగా, ఐటీలో పనిచేసే ఒకమ్మాయి మావారి దగ్గరికొచ్చి, "అంకుల్, ఈ ఏజ్‌లో ఆంటీకి సైకిల్ నేర్పించారంట కదా! మీ పేషెన్స్‌కి దణ్ణం పెట్టాలి" అంది. ఈయనేమో మహా సిగ్గుపడిపోతూ, "ఏముందమ్మా, చక్రం కేసి చూడొద్దు, దూరంగా చూడమన్నాను, అంతే" అన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో గిన్నె ఉంది కాబట్టి సరిపోయింది.

నేను కుళ్ళుబోతుదాన్నే, ఒప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. పదేళ్ళపాటు మా తోటికోడల్ని చూసి కుళ్ళుకున్నదాన్ని. మేం కెనడా వచ్చి ఈ సార్నియా ఊళ్ళో స్థిరపడి ముప్ఫై ఏళ్ళ పైమాటే, మావారు అక్కడి కెమికల్ ప్లాంటులోనే పనిచేసి రిటైరయ్యారు. మా ఊరికీ మరిది వాళ్ళ ఊరికీ మధ్యలో, మాకు గంటంబావు దూరంలో ఒకప్పుడు గూడ్సు బళ్ళు తిరిగిన రైలు దారి ఒకటుంది. పట్టాలు పీకేసి, రాతిపొడి పరిచి, సైకిళ్ళకి వదిలేశారు. ఇటూ అటూ మొక్కజొన్న చేలు, మధ్యలో ఏటి మీద ఇనప వంతెన, ఆ చివర ఐస్‌క్రీం కొట్టుగా మారిన పాత స్టేషను. వేసవి వచ్చిందంటే శనివారం శనివారం మావారూ, మా తోటికోడలూ ఆ దారిన సైకిళ్ళు తొక్కేవారు. మరిదికి శనివారాలు షిఫ్టు. దారి పొడుగునా తొక్కాక మళ్ళీ వెనక్కి తొక్కే ఓపిక ఎవరికుంటుంది, కారు ఆ చివరికి చేర్చే మనిషి ఒకరు కావాలి కదా. ఆ మనిషిని నేను. నాకు సైకిలు రాదుగా మరి.

పులిహోర డబ్బా, పెరుగన్నం డబ్బా బల్ల మీద పెట్టుకుని స్టేషను ముందు కూర్చుంటే, మొహాలు ఎర్రగా కందిపోయి, ఒకరి మీద ఒకరు జోకులేసుకుంటూ వచ్చేవారిద్దరూ. ఒకరోజు దారి మధ్యలో తాబేలు గొయ్యి తవ్వి గుడ్లు పెడుతోందట, ఈయన బెల్లు కొడితే తల తిప్పి కోపంగా చూసిందట, ఇద్దరూ నవ్వలేక చస్తున్నారు. ఏమిటేమిటని నేనడిగితే, "చెప్తే తెలీదులే, చూడాలి" అన్నారు మావారు. అనుమానం కాదు సుమండీ, ఆ పిల్ల నాకు చెల్లెలి లాంటిది. ఉత్త కుళ్ళు. ఆ తాబేలును నేనెందుకు చూడలేదని కుళ్ళు. పులిహోర వడ్డిస్తూ ఆవిడ ప్లేటులో జీడిపప్పు పడకుండా గరిట తిప్పేదాన్ని, అంత కుళ్ళు.

అసలు సంగతేమిటంటే నాకు సైకిలు వచ్చు. పదకొండో ఏటి నుంచీ వచ్చు.

మా నాన్న రైల్వేలో గ్యాంగు మేస్త్రి. రోజూ తన మనుషులతో పట్టాల వెంట మైళ్ళకి మైళ్ళు నడిచి బోల్టులు బిగించే ఉద్యోగం. పట్టాల పక్కన వాళ్ళు నడిచే సన్నటి బాట ఉండేది, ఊరివాళ్ళ కళ్ళు పడని బాట. సెలవురోజు పొద్దున్నే నన్ను అక్కడికి తీసుకెళ్ళి, తన పెద్ద సైకిలు బారు కింద నుంచి కాలు దూర్చమని, వెనక సీటు పట్టుకుని పరిగెత్తేవాడు. చెప్పుల్లేకుండా ఆ కంకర మీద. "చక్రం కేసి చూడకమ్మా, దూరంగా సిగ్నల్ కేసి చూడు" అని రొప్పుతూ అరిచేవాడు. ఎప్పుడు వదిలేశాడో నాకు తెలియనే తెలియదు. తరవాత హైస్కూలుకి పక్క స్టేషను ఊరిదాకా ఆ బాటనే ఐదేళ్ళు తొక్కాను.

మన కాలంలో పెళ్ళిచూపులంటే ఎలా ఉండేవో మీకు నేను చెప్పాలా! పాడతావా, వండుతావా అన్నీ అయ్యాక, కాబోయే అత్తగారు నాన్న వైపు తిరిగి, "మీ అమ్మాయి సైకిళ్ళూ గట్రా తొక్కుతుందా అండీ?" అని అడిగింది. అంతకు ముందు చూసిన పిల్లను సైకిలు మీద తిరుగుతోందనే వద్దనుకున్నారట. అబద్ధమాడి ఎరగని మా నాన్న నేల చూపులు చూస్తూ, "అబ్బే, మా అమ్మాయికి సైకిలు రాదండీ" అన్నాడు. ఆ ఒక్క మాటతో సంబంధం ఖాయమైంది. కాపురానికి వచ్చాక మా అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేది, మాటంటే మా వియ్యంకుడిది, ఉన్నదున్నట్టు చెప్పే మనిషి అని. నాన్న పోయినప్పుడు కూడా ఆవిడ ఆ మాటే అని ఏడ్చింది. ఇంక నేను సైకిలెక్కితే ఏమవుతుంది, పోయిన మనిషి అబద్ధాలకోరవుతాడు. అందుకని నోరు మూసుకుని కారు నడిపాను.

కిందటి సెప్టెంబరులో సగం దారిలో మా తోటికోడలికి ఎడమ మోకాలు పట్టేసింది. ఫోను చేస్తే కారు తీసుకుని ఆ సైకిలు దారి రోడ్డును దాటే చోటికి వెళ్ళాను. "అక్కా, ఇంక నా వల్ల కాదు, కారు నేను డ్రైవ్ చేసుకుంటూ వస్తా, బావగారు ఒక్కరే తొక్కుతార్లే" అని ఎక్కి కూర్చుంది. ఆవిడ సైకిలు గేటు కర్రకి ఆనించి ఉంది. హెల్మెట్ దాని హ్యాండిలుకే వేలాడుతోంది. ఎంతసేపు చూశానో తెలియదు, చున్నీ నడుముకి బిగించి ఎక్కేశాను.

"ఏయ్, పడతావ్!" అని మావారు వెనక నుంచి కేకలు. పడలేదు. దూరంగా చెట్ల సందున పాత సిగ్నల్ స్తంభం ఒకటి అలాగే ఉంచారు, దాని కేసి చూస్తూ తొక్కాను. వంతెన దాటాక ఆయాసపడుతూ నన్ను అందుకున్నారు. ఆగి అంతా చెప్పాను, పట్టాల పక్క బాట, సిగ్నల్ మాట, పెళ్ళిచూపుల మాట. ఆయన సైకిలెక్కి ముందుకు తొక్కారు. మీ నాన్న మమ్మల్ని మోసం చేశాడన్నమాట అంటారేమోనని భయపడుతూ వెనకాలే తొక్కాను.

స్టేషను దగ్గర మా తోటికోడలు ఫోను పట్టుకుని ఎదురొచ్చింది. "అక్కా! ఎప్పుడు నేర్చుకున్నావ్? అత్తయ్యగారికి వీడియో కాల్ కలుపుతున్నా, ఉండు!" నేను నోరు తెరిచేలోగా మావారు, "నేనే నేర్పాను. వేసవంతా ఇంటి వెనక పార్కింగ్ లాట్‌లో. సర్‌ప్రైజ్ ఇద్దామని చెప్పలేదు" అనేశారు. ఫోనులో తొంభై ఏళ్ళ మా అత్తగారు, "ఎంత ఓర్పురా నాయనా నీకు!" అని మురిసిపోయింది. నాన్న మాట నిలబెట్టిన ఆ మనిషి కాళ్ళకి అక్కడే దణ్ణం పెట్టాలనిపించింది.

కానీ ఆ దణ్ణం ఎన్నాళ్ళుంటుంది! టొరంటో చుట్టుపక్కల తెలుగువాళ్ళందరికీ ఈ కథ పాకింది. పొగిడినకొద్దీ ఆయన కూడా నమ్మడం మొదలుపెట్టారు. నాన్న మాటను తనదిగా చేసుకుని, సిగ్నల్ తీసేసి మరీ చెప్తున్నారు. నేను కాదనలేను. కాదంటే నాన్న అబద్ధం బయటపడుతుంది, ఊరుకుంటే నాన్న పరిగెత్తిన పరుగంతా ఈయన ఖాతాలో పడుతుంది.

తోటికోడలి మోకాలు బాగయింది, ఇప్పుడు శనివారాలు ముగ్గురం తొక్కుతున్నాం. మరిది కూడా రిటైరయ్యాడు, కారూ పులిహోరా అతని వంతు. తాబేలు నాకూ కనిపించింది, నిజంగానే కోపంగా చూసింది. ఆ దారిలో ఇప్పుడు రైలూ లేదు, ఆడపిల్ల సైకిలు తొక్కితే ఏమనుకుంటారో అనే భయమూ లేదు. మొన్న వంతెన దగ్గర గులాబీ రంగు హెల్మెట్ పెట్టుకున్న ఐదారేళ్ళ పిల్ల, వెనక సీటు పట్టుకుని పరిగెడుతున్న తండ్రి ఎదురయ్యారు. వదలొద్దు డాడీ, వదలొద్దు డాడీ అని ఇంగ్లీషులో గోల పెడుతోంది. ఆయన అప్పటికే వదిలేశాడు. సోమవారం బడికెళ్ళి మా నాన్నే నేర్పాడని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుంటుంది. ఆ పిల్లను చూస్తే నాకు ఎంత కుళ్ళుగా ఉందో చెప్పలేను.